జ్ఞాపకాలు రాద్దామని కూర్చుంటే రెండు లైన్లకే ఆగిపోతోందా?

మీరు అడిగింది ఒక ప్రశ్నే కానీ అందులో నాలుగు ఉన్నాయండీ. చిన్నప్పటి సంగతులు రాసుకోవాలని ఎప్పట్నుంచో ఉంది, కానీ కూర్చుంటే రెండు లైన్ల తర్వాత పెన్ను కదలడం లేదన్నారు. రాసిన ఆ కాస్తా మర్నాడు చదివితే స్కూల్లో రాసిన వ్యాసంలా ఉందన్నారు. మీ అక్కకి చూపిస్తే 'అసలు అలా జరగనే లేదు' అని కొట్టిపారేశారట. పైగా ఇంట్లోవాళ్లు 'ఎంతసేపూ ఆ పాత రోజులేనా' అంటున్నారు, దాంతో ఇదంతా మంచిదేనా అని మీకే అనుమానం వచ్చింది. నేను చాలా ఏళ్లుగా ఇలాంటివి రాసుకుంటూనే ఉన్నాను. రాసే ఓపిక లేని పెద్దవాళ్ల పక్కన కూర్చుని, వాళ్లు చెబుతుంటే రాసిపెట్టే పని కూడా చేస్తుంటాను. కాబట్టి కాస్త పొడుగ్గానే చెబుతాను, తీరిగ్గా చదవండి.

ముందు ఆ చివరి అనుమానం తీర్చేద్దాం. అది ఉన్నంతకాలం మీరు ఏం రాసినా తప్పు చేస్తున్నట్టు దొంగచాటుగానే రాస్తారు.

గతం మీద బెంగని జబ్బుగా చూడటం ఈనాటిది కాదు. 1688లో బాసెల్‌లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి ఇంటి మీద బెంగని నిజంగానే ఒక రోగంగా వర్ణిస్తూ సిద్ధాంత వ్యాసం రాశాడు. ఇంటికి దూరమైనవాళ్లు తిండి సహించక, నిద్ర పట్టక చిక్కిపోతుంటే అతను సూచించిన అసలైన మందు వాళ్లని ఇంటికి పంపించెయ్యడమే. ఆ తర్వాత చాలాకాలం డాక్టర్లు దాన్ని జబ్బు కిందే లెక్కేశారు. ఈ రోజుల్లో మనసు మీద పరిశోధన చేసేవాళ్లు చెప్పేది దాదాపు దీనికి తిరగేసి ఉంటుంది. టిమ్ వైల్డ్‌షుట్, కాన్‌స్టాంటైన్ సెడికిడీస్ వాళ్ల బృందం 2006లో అచ్చువేసిన అధ్యయనాల్లో తేలిందేమిటంటే, మనసు బాగోలేనప్పుడు, ఒంటరిగా అనిపించినప్పుడు జనం పాత సంగతుల వైపు మళ్లుతారు, అలా తలుచుకున్నాక 'నాకూ నా అనేవాళ్లున్నారు' అన్న ధీమా పెరుగుతుంది. అంటే చాలాసార్లు దిగులు ముందు వస్తుంది, దాన్ని తట్టుకోడానికి జ్ఞాపకం వెనకాల వస్తుంది. చూసేవాళ్లకి రెండూ ఒకేసారి కనబడతాయి కాబట్టి జ్ఞాపకమే దిగులు తెచ్చిపెట్టిందనుకుంటారు. మీ ఇంట్లోవాళ్లు అనుకుంటున్నది కూడా ఇదే అయ్యుండొచ్చు.

అయితే వాళ్లు చెప్పేదాంట్లో ఒక పాయింటు ఉంది, అది ఒప్పుకోవాలి. 'ఆ రోజులే వేరు, ఆ మనుషులే వేరు' అనే మాట పట్టుకుని పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఇప్పటి ప్రతిదాన్నీ తిట్టేవాళ్లుంటారు. గమనించండి, ఆ మాటలో జ్ఞాపకం అనేది ఒక్కటి కూడా ఉండదు. ఏ రోజు, ఏ మనిషి, ఏం జరిగింది, ఏమీ చెప్పరు. అది ఇప్పటి మీద ఫిర్యాదు, అంతే. దానికి తోడు, చేదు సంగతుల తాలూకు బాధ తీపి సంగతుల తాలూకు సంతోషం కన్నా తొందరగా పలచబడిపోతుందని చాలా పరిశీలనల్లో కనబడింది. అందుకే వెనక్కి తిరిగి చూస్తే అంతా బంగారంలా కనబడుతుంది. నేను రాసుకునేటప్పుడు పెట్టుకున్న నియమం ఒక్కటే, 'ఆ రోజులే బాగుండేవి' అనే వాక్యం నా పుస్తకంలోకి రాకూడదు. ఏది బాగుందో రాస్తాను, బాగోలేనిది గుర్తుంటే అదీ రాస్తాను. మీరూ ఇది పాటిస్తే ఇంట్లోవాళ్ల గొడవ సగం తగ్గుతుంది, ఎందుకంటే మీరు చదివి వినిపించేదాంట్లో వాళ్లకి తమ మీద దెప్పిపొడుపు వినబడదు.

ఇక పెన్ను ఆగిపోవడం సంగతి. మీరు ఎలా మొదలుపెట్టారో చెప్పలేదు కానీ నేను ఊహించగలను. పైన 'నా బాల్యం' అనో 'మా కుటుంబం' అనో పెట్టి, కింద ఫలానా సంవత్సరంలో పుట్టాను అని ఉంటుంది. అక్కడే ఆగిపోతుంది, ఎవరికైనా. సంవత్సరం అనేది మన బుర్రలోంచి సంగతులు బయటికి లాగడానికి దాదాపు పనికిరాని కొక్కెం. ఇది నా మాట కాదు. విలెం వాహెనార్ అని నెదర్లాండ్స్ మనస్తత్వ శాస్త్రవేత్త ఒకాయన 6 ఏళ్లపాటు తన జీవితంలో జరిగినవి రాసిపెట్టుకున్నాడు, మొత్తం 2,400 దాకా సంఘటనలు, ఒక్కోదానికీ ఏం జరిగింది, ఎవరున్నారు, ఎక్కడ, ఎప్పుడు అని విడివిడిగా. తర్వాత ఒక్కో వివరం మాత్రమే చూసుకుంటూ మిగతావి గుర్తొస్తాయా అని తనని తానే పరీక్షించుకున్నాడు. 1986లో ఆ ఫలితాలు వచ్చాయి. ఏం జరిగింది అన్నది అన్నిటికన్నా బాగా పనిచేసింది, ఎవరు, ఎక్కడ అన్నవి దాని తర్వాత. ఒట్టి తేదీ ఒక్కటే ఇస్తే దాదాపు ఏమీ రాలేదు. కాబట్టి సంవత్సరంతో మొదలుపెట్టకండి. వస్తువుతోనో, మనిషితోనో, చోటుతోనో మొదలుపెట్టండి. తేదీ తర్వాత తీరిగ్గా కనుక్కోవచ్చు, కనుక్కోలేకపోయినా కొంపలు మునగవు.

నేను ఎక్కువగా వాడే పద్ధతి ఇల్లు గీయించడం. చిత్రకారులు గీసే బొమ్మ అక్కర్లేదు, పైనుంచి చూస్తే గదులు ఎలా ఉంటాయో నాలుగు గీతలు చాలు. తలుపు ఎటు తెరుచుకునేది, కిటికీ ఎక్కడ, మంచం ఏ గోడకి ఆనించి ఉండేది, ఎవరు ఎక్కడ పడుకునేవారు. ఒక పెద్దావిడ దగ్గర కూర్చున్నప్పుడు ఆవిడ 'నాకేం గుర్తులేదు బాబూ, ఏముంది చెప్పడానికి, అందరి చిన్నతనం లాంటిదే' అని ఒకటే మాట. సరే ఇల్లు గీయమన్నాను. విసుక్కుంటూనే గీస్తూ గీస్తూ ముందు గది తలుపు పక్కన ఒక చిన్న చతురస్రం వేసి ఆగిపోయింది. ఏంటది అంటే స్విచ్ బోర్డు అంది. 'ఇది నాకు అందేది కాదు, అన్నయ్య చెక్క స్కేలుతో నొక్కేదాన్ని. ఆ స్కేలు మీద వాడి పేరు బ్లేడుతో చెక్కుకున్నాడు, పేరులో ఒక అక్షరం తప్పు.' ఇక తీగ లాగితే డొంకంతా కదిలినట్టు అయింది. ఆ స్కేలు ఎలా విరిగింది, ఎవరికి దెబ్బలు పడ్డాయి, నిజానికి విరగ్గొట్టింది ఎవరు, ఆ నిజం అన్నయ్యకి ఎప్పుడు తెలిసింది, చీకటి పడే దాకా చెబుతూనే ఉంది. గంట క్రితం ఏమీ గుర్తులేదన్న మనిషే.

వాసనలు కూడా అంతే పని చేస్తాయి. ముక్కు నుంచి వెళ్లే సమాచారం మెదడులో భావోద్వేగాలకీ జ్ఞాపకాలకీ సంబంధించిన భాగాలకి మిగతా ఇంద్రియాల కన్నా దగ్గరి దారిలో చేరుతుంది, అందుకే ఒక పాత పెట్టె తెరిస్తే చాలు మనిషి ఎక్కడికో వెళ్లిపోతాడు. కానీ వాసనని కావాలని తెచ్చుకోవడం మన చేతిలో లేదు, తగిలినప్పుడు మాత్రం వెంటనే ఒక ముక్క రాసిపెట్టుకోండి, ఐదు నిమిషాల తర్వాత అది ఉండదు.

ఫొటోల దగ్గర కాస్త జాగ్రత్త. అందరూ ముందు ఆల్బమ్ తీస్తారు. తీయండి, తప్పులేదు, కానీ ఫొటోలో కనబడేదే మళ్లీ రాస్తే ఉపయోగం లేదు, అది ఎలాగూ కనబడుతోంది కదా. లిండా హెంకెల్ అనే ఆవిడ 2014లో ఒక ప్రయోగం గురించి రాశారు. మ్యూజియంలో కొన్ని వస్తువుల్ని ఊరికే చూడమని, కొన్నిటిని ఫొటో తీయమని విద్యార్థులకి చెప్పారు. మర్నాడు అడిగితే ఫొటో తీసినవాటి గురించే తక్కువ గుర్తుంది. వస్తువులో ఒక భాగం మీదికి దగ్గరగా జూమ్ చేసి తీసినప్పుడు మాత్రం ఆ నష్టం కనబడలేదు. కెమెరా చూసుకుంటుందిలే అని మనం వదిలేస్తామన్నమాట. అందుకని ఫొటో చేతికి తీసుకున్నప్పుడు నేను అడిగేవి వేరు. ఈ ఫొటో తీసింది ఎవరు? తీయడానికి ఒక్క నిమిషం ముందు ఏం జరుగుతోంది? ఎవరు రానంటే ఎవరు లాక్కొచ్చారు? అంచు దగ్గర సగం కనబడుతున్న ఆ చెయ్యి ఎవరిది? సాధారణంగా ఆ చెయ్యి గురించే పేజీ నిండుతుంది.

రెండోది, వ్యాసంలా ఉండటం. ఇది నాకు బాగా ఇష్టమైన సబ్జెక్టు కాబట్టి కాస్త ఎక్కువసేపు ఉంటాను ఇక్కడ.

ఒకాయన మొదట తెచ్చి చూపించింది ఇలా ఉంది: 'మా నాన్నగారు గొప్ప కష్టజీవి. మమ్మల్ని ఎంతో ప్రేమతో, క్రమశిక్షణతో పెంచారు. వారి ఋణం ఏమిచ్చినా తీరదు.' ఇందులో అబద్ధం ఏమీ లేదు. కానీ ఇది ఎవరి నాన్న గురించి అయినా రాయొచ్చు, శ్రద్ధాంజలి పోస్టర్ మీద కూడా వేయొచ్చు. సరే, ఆయన ఇంటికి రాగానే మొదట ఏం చేసేవారు అని అడిగాను. వారం తర్వాత తెచ్చింది ఇది: 'నాన్న చొక్కా జేబు కింద ఎప్పుడూ నీలం సిరా మరక ఉండేది. వచ్చీరాగానే సైకిలుకి స్టాండు వేసి, తాళం రెండుసార్లు లాగి చూసి లోపలికి వచ్చేవారు. కూర్చున్న కాసేపటికి లేచి మళ్లీ వెళ్లి ఒకసారి లాగి చూసొచ్చేవారు. అమ్మ ఏమీ అనేది కాదు. ఆయన మళ్లీ వెళతారని తెలుసు కాబట్టి అప్పటిదాకా తలుపు వేసేది కాదు.' చూశారా, కష్టజీవి అనలేదు, ప్రేమ అనలేదు. ఆ సైకిలు పోతే ఆ ఇంటికి ఎంత ఇబ్బందో, ఆ ఇద్దరి మధ్య ఎలా ఉండేదో, చదివినవాడికి తనంతట తానే తెలిసిపోతుంది. పైగా ఆ తాళం సంగతి తనకి గుర్తుందని ఆయనకే తెలియదు, రాస్తుంటే వచ్చింది. నా దృష్టిలో ఈ పనిలో ఉన్న అసలు సరదా అదే. తెలిసినవి దాచిపెట్టుకోడానికి రాస్తున్నామనుకుంటాం, తీరా రాస్తుంటే మనకి తెలుసని మనకే తెలియనివి బయటపడుతుంటాయి.

కాబట్టి 'ఎంతో', 'చాలా', 'గొప్ప', 'మరువలేని', 'మధురమైన', ఈ మాటలు రాసిన చోటల్లా ఆగి, దాని కింద ఏముందో చూడండి. మరువలేని రోజు అన్నారంటే ఏం మరవలేదో రాయండి, ఆ పైమాట కొట్టేయండి. ఇంకోటి, మీరు ఈ ప్రశ్న రాసిన భాష చాలా బాగుంది, హాయిగా మాట్లాడినట్టుంది. అదే మనిషి జ్ఞాపకం రాయడానికి కూర్చోగానే 'నాకు మిక్కిలి ఆనందం కలిగింది' అని ఎందుకు రాస్తాడో నాకిప్పటికీ అర్థం కాదు. అలా వస్తోందనిపిస్తే ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి, ఫ్రెండుకి చెబుతున్నట్టు చెప్పేయండి, తర్వాత విని రాసుకోండి. మాటల్లో 'ఆఁ, అప్పుడేమైందంటే' అని మీరు అన్న చోటే సాధారణంగా అసలు విషయం ఉంటుంది.

మనుషుల మాటలు ఎలా అన్నారో అలాగే రాయండి. ప్రతి ఇంట్లోనూ బయటివాళ్లకి అర్థం కాని మాటలు కొన్ని ఉంటాయి. ఎవరో చిన్నప్పుడు తప్పుగా పలికిన మాట ఇంటిల్లిపాదికీ అలవాటైపోతుంది, ఒక వస్తువుకి అసలు పేరు మానేసి ఇంకేదో పేరుతో పిలుస్తారు, ఒకరికి కోపం వస్తే అనే ఒకే ఒక్క వాక్యం ఉంటుంది, మిగతావాళ్లు వాళ్ల వెనక దాన్ని అనుకరిస్తుంటారు. ఆ మనుషులు పోయాక అన్నిటికన్నా ముందు పోయేవి ఇవే, ఎందుకంటే ఫొటోల్లో ఉండవు, కాగితాల్లో ఉండవు, ఎవరూ వీటిని రాయదగ్గవనుకోరు. ఒక పేజీ పూర్తిగా ఈ మాటలకే కేటాయించండి. వరసక్రమం అక్కర్లేదు.

ఇక్కడే ఇంకో సంగతి చెప్పాలి, మీరు అడగలేదు కానీ. జ్ఞాపకాలంటే చిన్నప్పటివే అని పెట్టుకోకండి. నలభై దాటినవాళ్లని గుర్తున్నవి చెప్పమంటే సుమారు 10 నుంచి 30 ఏళ్ల వయసు మధ్య జరిగినవే లెక్కకి మించి చెబుతారని మనస్తత్వ శాస్త్రంలో చాలాసార్లు తేలింది. ఆ తర్వాతి ఏళ్లు ఏమైపోయాయో తెలియదు, పిల్లలు పెరిగిన ఏళ్లు కూడా అందులో కొట్టుకుపోతాయి. ఆ ఏళ్లలో ఉన్నవాళ్లు ఇప్పుడు జరుగుతున్నవి రాసుకోవాలి. ఏం రాయాలి అంటే, మామూలువి. టింగ్ జాంగ్ అనే పరిశోధకురాలు, తోటివాళ్లు కలిసి 2014లో అచ్చువేసిన పరిశోధనలో విద్యార్థుల చేత ఈమధ్య ఎవరితో ఏం మాట్లాడారు, ఏ పాటలు వింటున్నారు లాంటి చాలా సాదా విషయాలు రాయించి దాచారు. తర్వాత ఇవి చూసుకోవాలని ఎంత అనిపిస్తుంది అని అడిగితే, ఏముంటుందిలే అన్నట్టే చెప్పారు. మూడు నెలలు తిరిగాక చూస్తే వాళ్లు అనుకున్నదానికన్నా ఎక్కువ ఆసక్తిగా, ఇష్టంగా చదువుకున్నారు. ప్రత్యేకమైన రోజుల గురించి రాసినవాటి కన్నా మామూలు రోజుల గురించి రాసినవాటి విషయంలోనే ఈ తేడా ఎక్కువ. మూడు నెలలకే ఇలా ఉంటే ముప్ఫై ఏళ్లకి ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

నా పాత నోట్‌బుక్కుల్లో ఇది నాకు కళ్లకి కట్టినట్టు కనబడుతుంది. ఒకచోట దగ్గరి బంధువుల పెళ్లి గురించి నాలుగు పేజీలు రాసుకున్నాను. ఎవరెవరు వచ్చారు, ఏర్పాట్లు ఎలా ఉన్నాయి, ఎన్నింటికి తిరిగొచ్చాం. చదువుతుంటే ఆవలింతలు వస్తాయి. దాని ముందు పేజీలో రెండు లైన్లున్నాయి: 'తలుపు గొళ్లెం మార్చారు. కొత్తది చప్పుడు చేయడం లేదు, ఎవరొచ్చారో తెలియడం లేదు.' ఈ రెండు లైన్లూ చదవగానే పాత గొళ్లెం చప్పుడు మొత్తం తిరిగొచ్చింది. ఒకరు గట్టిగా ఒక్కసారి లాగేవారు, ఒకరు ముందు కొంచెం కదిపి చూసి తర్వాత తీసేవారు, చిన్నవాడు చెయ్యి సరిగ్గా అందక మూడు నాలుగుసార్లు టకటకలాడించేవాడు. లోపల ఎక్కడున్నా తల ఎత్తకుండానే ఎవరొచ్చారో చెప్పేవాళ్లం. పెళ్లి నాకు ఎలాగూ గుర్తుంది, రాయకపోయినా ఉండేది. గొళ్లెం ఆ రెండు లైన్లూ లేకపోతే పోయేదే.

అలాగే ఇంకోటి. మేరిగోల్డ్ లింటన్ అని అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లో 6 ఏళ్లపాటు రోజుకి కనీసం రెండు సంఘటనలు రాసి, వాటిని నెలనెలా తన మీదే పరీక్షించుకున్నారు. ఒకే రకంగా మళ్లీ మళ్లీ జరిగేవి, మీటింగుల్లాంటివి, కొంతకాలానికి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి దేనికది విడిగా గుర్తురాకుండా పోయాయి. మనకీ అంతే కదా, ఫలానా స్కూలుకి పదేళ్లు నడిచి వెళ్లినా విడిగా గుర్తుండేవి రెండో మూడో రోజులు, వానలో పుస్తకాలు తడిసిన రోజు, కుక్క వెంటపడ్డ రోజు. మిగతావన్నీ కలిసి ఒకే నడక. దాన్ని రాయడానికి జంకకండి, 'ఆ రోజుల్లో ఒక మామూలు రోజు' అని పెట్టుకుని పొద్దున్న లేచిన దగ్గర్నుంచి రాత్రి దీపం ఆర్పేదాకా రాయండి. అది ఏ ఒక్క రోజూ కాకపోయినా అబద్ధం మాత్రం కాదు.

ఇప్పుడు మీ అక్క గారి సంగతి. ముందు ఒకటి స్పష్టంగా చెప్పేస్తాను, మీకు ఎంత బాగా గుర్తున్నా మీరు తప్పయ్యే అవకాశం ఉంది, ఆవిడకీ అంతే అవకాశం ఉంది. 1986 జనవరి 28న అమెరికాలో ఛాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయింది. మర్నాడు పొద్దున్నే ఉల్రిక్ నైసర్ అనే ప్రొఫెసర్ తన విద్యార్థుల చేత ఆ వార్త ఎక్కడ, ఎలా విన్నారో రాయించి పెట్టారు. దాదాపు రెండున్నరేళ్ల తర్వాత వాళ్లనే మళ్లీ అడిగితే చాలామంది వేరే చోటు, వేరే మనుషుల్ని చెప్పారు, అదీ ఎంతో నమ్మకంగా. ఆ తర్వాత వాళ్లు అప్పుడు రాసిన కాగితం తెచ్చి చూపించినా పాతది తిరిగి గుర్తురాలేదు, తమ చేతిరాత కళ్ల ముందున్నా కొత్త కథే నిజమనిపించింది. అలాగే ఎలిజబెత్ లాఫ్టస్ 1995 ప్రయోగంలో, చిన్నప్పుడు మీరు షాపింగ్ మాల్‌లో తప్పిపోయారు అని జరగని సంగతిని ఇంట్లోవాళ్లు చెప్పినట్టుగా చెబితే, సుమారు నాలుగో వంతు మంది దాన్ని కొంతైనా 'గుర్తు తెచ్చుకున్నారు'. ఇక తోబుట్టువుల విషయానికొస్తే నాకు బాగా నవ్వొచ్చిన పరిశోధన ఒకటుంది. 2001లో కవలల మీద చేసిందది. ఒకే సంఘటన గురించి 'అది జరిగింది నాకే' అని ఇద్దరూ పట్టుబట్టిన జంటలు బోలెడు. పడింది ఎవరో, బహుమతి వచ్చింది ఎవరికో వాళ్లలో వాళ్లకే తేలదు. కాబట్టి మీ అక్కతో పోట్లాట పెట్టుకోకండి.

చేయాల్సిందల్లా ఇది. మీది ముందు పూర్తిగా రాసెయ్యండి, ఆవిడని అడక్కుండా. అడిగాక రాస్తే ఆవిడ చెప్పినవి మీ జ్ఞాపకంలో కలిసిపోతాయి, తర్వాత విడదీయలేరు. రాశాక చూపించండి. 'అలా జరగలేదు' అంటే, 'మరి ఎలా జరిగింది?' అని అడిగి ఆవిడ చెప్పింది కూడా పక్కనే రాయండి, ఆవిడ మాటల్లోనే, ఎప్పుడు చెప్పారో తేదీ వేసి. మీరు రాసినదాన్ని దిద్దకండి. రెండూ ఉండనివ్వండి. చదివేవాళ్లకి ఆ తేడానే మహా రుచిగా ఉంటుంది. ఒకే గదిలో పెరిగిన ఇద్దరికి ఒకే మధ్యాహ్నం రెండు రకాలుగా మిగిలిందంటే ఎవరు ఎక్కడ కూర్చున్నారో, ఎవరికి ఏం కావాలో అందులోంచి తెలుస్తుంది. ఇంకో లాభం కూడా ఉంది. నేను పైన చెప్పిన వాహెనార్ తనకి బొత్తిగా గుర్తురాని కొన్ని సంఘటనల గురించి అప్పుడు పక్కనున్నవాళ్లని అడిగి చూశాడు, వాళ్లు ఇంకో చిన్న వివరం అందించేసరికి అవి కూడా గుర్తొచ్చాయి. మీ అక్క కొట్టిపారేస్తున్నారంటే ఆవిడ దగ్గర సరుకుందన్నమాట. వదలకండి ఆవిడని.

మూడు, నాలుగేళ్ల వయసుకి ముందు సంగతుల దగ్గర మాత్రం కొంచెం ఆలోచించి రాయండి. ఆ వయసువి పెద్దయ్యాక చాలామందికి దాదాపు మిగలవు. గుర్తున్నాయనుకునేవి పెద్దవాళ్లు చెప్పగా విన్నవో, ఫొటోలో చూసినవో అయ్యుంటాయి. నేనైతే 'చూశాను', 'చెప్పారు' అని రెండు రకాలుగా విడదీసి రాస్తాను. చెప్పినవి తక్కువేం కాదు, ఎవరు చెప్పారో రాస్తే ఆ మనిషి కూడా పేజీలోకి వస్తారు.

బాధపెట్టే సంగతులు రాయాలా వద్దా అని చాలామంది అడుగుతారు, మీరు అడగకపోయినా ఒక మాట. జేమ్స్ పెన్నెబేకర్, సాండ్రా బీల్ 1986లో అచ్చువేసిన ప్రయోగంలో కొందరి చేత వరసగా నాలుగు రోజులు, రోజుకి 15 నిమిషాల చొప్పున తమకి బాగా బాధ కలిగించిన సంఘటనల గురించి రాయించారు. రాసిన వెంటనే మనసు ఇంకా బరువెక్కింది, కానీ సంఘటనతో పాటు తమ మనసులోదీ రాసినవాళ్లు తర్వాతి నెలల్లో డాక్టర్ దగ్గరికి వెళ్లడం తగ్గింది. అంటే ఉపయోగం ఉండొచ్చు, కానీ ముందు కాసేపు బాధ తప్పదు. రాయలేకపోతే మానేయండి, ఎవరూ అడగరు. మరీ కుంగదీసేది అయితే కాగితం కన్నా ముందు మనిషితో మాట్లాడండి. ఇతరుల రహస్యాలు, వాళ్లు బతికుండగా, వాళ్లని అడగకుండా ఎవరికీ చూపించకండి. అంతే, దీని గురించి ఇంతకన్నా చెప్పడానికి ఏం లేదు.

ఎంత రాయాలి, రోజూ రాయాలా అంటే, నా మటుకు నాకు రోజూ అనే నియమం పడదు. నియమం పెట్టుకున్నవాళ్లు నాలుగు రోజులు తప్పగానే మొత్తం మానేయడం చాలాసార్లు చూశాను. బుద్ధి పుట్టినప్పుడు ఒక్క సంగతి, అరపేజీ. రాసిన రోజు తేదీ మాత్రం పైన వేయండి, ఎందుకంటే అదే సంగతి పదేళ్ల తర్వాత మళ్లీ రాస్తారు, వేరేలా రాస్తారు, అప్పుడు రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవడం ఒక సరదా. రాసింది ఒక్కరికైనా చదివి వినిపించండి. మెచ్చుకుంటారని కాదు. మీరు సైకిలు తాళం గురించి చదవగానే వినేవాళ్లు ఊరుకోరు, 'మా ఇంట్లో అయితే' అని మొదలుపెడతారు. నేను విన్న మంచి సంగతుల్లో సగం పైగా నేను ఏదో చదివి వినిపించినప్పుడు అవతలివాళ్లు అందుకుని చెప్పినవే. మీ ఇంట్లో 'ఎంతసేపూ ఆ పాత రోజులేనా' అన్న మనిషి మీద ముందు ఇది ప్రయోగించి చూడండి.

దాచుకోవడం గురించి చివరగా నాలుగు ముక్కలు. నోట్‌బుక్ అయినా ఫోన్ అయినా పర్వాలేదు, మీకు ఏది చేతికి అందితే అది. పాత బిల్లులు, టికెట్లు అంటించుకునే అలవాటుంటే, ఆ నున్నటి కాగితం మీద వేడితో అచ్చయ్యే రకం అక్షరాలు కొన్నేళ్లకి మాయమైపోతాయి, ముందే ఒక జిరాక్స్ తీసి పెట్టండి. ఫొటోల వెనక పేర్లు రాసేటప్పుడు బాల్ పెన్ను వాడకండి, అచ్చు ముందు వైపుకి పడుతుంది. మెత్తటి పెన్సిలుతో అంచు దగ్గర తేలిగ్గా రాయండి, పెన్సిలు గీత ఎండకీ కాలానికీ వెలిసిపోదు. పేజీలకి జిగురు పూసి పైన ప్లాస్టిక్ షీటు ఉండే పాత ఆల్బమ్‌లు మీ ఇంట్లో ఉంటే వాటిలో ఫొటోలు అలాగే ఉంచకండి, ఆ జిగురు ఫొటోలని పాడు చేస్తుంది. తీయబోతే రాకుండా అతుక్కుపోయి ఉంటే లాగి చింపకండి, ముందు ఉన్నచోటే ఫొటో తీసుకోండి. కంప్యూటర్లో రాస్తే ఏ యంత్రంలోనైనా తెరుచుకునే సాదా ఫైలుగా దాచండి, కనీసం మూడు కాపీలు, వాటిలో ఒకటి వేరే ఇంట్లో. ఫోన్‌లో రాసేవాళ్లయితే దాని పాస్‌వర్డ్ ఇంట్లో ఇంకొకరికి తెలిసి ఉండాలి, మీ అక్కకే ఇవ్వండి.